షుగర్ కుకీలకు ఏ ఐసింగ్? ముందు గాలిలో తేమ చూడండి

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఆషాఢం అంటే రథయాత్ర. మూడేళ్ల కిందట ఆ పండుగకు మా వీధి పిల్లలకు పంచాలని షుగర్ కుకీల మీద మూడు రథాలు వేశాను. జగన్నాథుని నందిఘోషకు 16 చక్రాలు, బలభద్రుని తాళధ్వజానికి 14, సుభద్ర ఎక్కే దర్పదళనానికి 12. అన్ని చక్రాలు అరచేతిలో సగం లేని కుకీ మీద పట్టవు కాబట్టి రంగులను బట్టే పోల్చుకోవాలి. జగన్నాథునిది ఎరుపు పసుపు, బలభద్రునిది ఎరుపు ఆకుపచ్చ, సుభద్రది ఎరుపు నలుపు. రాత్రి పదింటికి పని ముగించి, పళ్లేలు బల్ల మీద పరిచి పడుకున్నాను. రాత్రంతా వాన. తెల్లవారి చూస్తే ఎరుపు పసుపులోకి పాకింది, నలుపు ఎరుపును కమ్మేసింది, ఐసింగ్, అంటే పైన వేసిన చక్కెర పూత, వేలికి జిగురులా అంటుకుంది. ఏ రథం ఎవరిదో నాకే తెలియలేదు.

అంతకు ఆరు నెలల ముందు క్రిస్మస్‌కు ఇదే చేత్తో, ఇదే కొలతతో చేసిన నక్షత్రాలు ఆరేడు గంటల్లోనే పెంకులా ఆరాయి. మారింది గాలి ఒక్కటే.

అందుకే ఎవరైనా నన్ను ‘ఏ ఐసింగ్ మంచిది?’ అని అడిగితే ‘ఏ నెలలో, ఎవరి కోసం?’ అని తిరిగి అడుగుతాను. వీడియోలలో కనిపించే నున్నని, మెరిసే కుకీలు చాలావరకు చలిదేశాల ఇళ్లలో, పొడిగాలిలో చేసినవి. పెన్సిల్వేనియాలోని నజరెత్ ఊళ్లో 1700ల నాటి మొరేవియన్ క్రైస్తవుల వంటగా పేరుపడిన కుకీ ఇది. దాన్ని గోపాలపురం సముద్రం మీది గాలి తాకే గంజాం, గజపతి జిల్లాలకు తెచ్చుకున్నప్పుడు కొన్ని మార్చుకోక తప్పదు. కోరాపుట్ వైపు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉండేవాళ్లకు ఒక లెక్క, తీరానికి దగ్గరగా ఉన్న మాకు ఒక లెక్క. నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో ఉన్న మా చెల్లెలికి పూర్తిగా వేరే లెక్క. అక్కడ వేసవిలో ఐసింగ్ కోన్ మొనలోనే గడ్డకడుతుంది, వెన్న మాత్రం పిండి కలిపేలోపే కరిగిపోతుంది.

ఉప్పు చెమ్మ, చక్కెర చెమ్మ

తేమ కొలిచే చిన్న మీటరు ఉంటే మంచిదే. లేకపోయినా వంటింట్లోనే ఉపాయం ఉంది. ప్యాకెట్ ఉప్పు ఒక చెంచాడు, చక్కెర ఒక చెంచాడు రెండు చిన్న పళ్లేలలో మూతలేకుండా నాలుగైదు గంటలు ఉంచండి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీటిని పీల్చుకోవడం మొదలుపెడుతుంది. చక్కెర ఆ పని చేసేది దాదాపు 85 శాతం దగ్గర. కల్లుప్పుతో ఈ పరీక్ష చేయకండి, అందులోని మెగ్నీషియం లవణాల వల్ల అది ముందే చెమ్మగిల్లి మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది.

రెండూ పొడిగా ఉంటే ఏ ఐసింగైనా వేసుకోండి. ఉప్పు మాత్రమే చెమ్మగిల్లితే ఐసింగ్ ఆరుతుంది కానీ ఒక పగలు, ఒక రాత్రి పడుతుంది. ముదురు రంగులు పక్కపక్కన పెట్టకండి. చక్కెర కూడా అంటుకుంటూ ఉంటే ఆ రోజు ఐసింగ్ మాట మరిచిపోండి. ఫ్యాను ఎంతసేపు తిప్పినా లాభం లేదు. ఐసింగ్ అంటే ముప్పాతిక మించి చక్కెరే. గాలి నుంచి నీరు తాగుతున్న చక్కెర తనలోని నీటిని ఎలా వదులుతుంది? ఆ వాన రాత్రి నేను తెలుసుకోవలసింది ఇదే.

ఐసింగులను పక్కపక్కన పెట్టి చూస్తే

రాయల్ ఐసింగ్‌తో మొదలుపెడతాను, అందరూ ముందు అడిగేది దీన్నే కనుక. గుడ్డు తెల్లసొన, పొడి చక్కెర, కాస్త నిమ్మరసం అంతే. రెండు తెల్లసొనలకు దాదాపు 350 గ్రాముల ఐసింగ్ షుగర్, ఒక చెంచా నిమ్మరసం. ఆరితే గట్టిగా, మెరుపు లేకుండా నున్నగా ఉంటుంది, కుకీలను ఒకదాని మీద ఒకటి పేర్చవచ్చు, బస్సులో పంపవచ్చు. సన్నని గీత కావాలంటే దీనికి సాటి లేదు. ముగ్గులో చుక్కల చుట్టూ తిరిగే మెలిక గానీ, మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్ల గడపల్లో బియ్యప్పిండితో వేసే ఝొటి గానీ కుకీ మీదకు తేగలిగింది ఇదొక్కటే. గిన్నెకు నూనె జిడ్డు రవ్వంత ఉన్నా నురగ కట్టదు. స్టీలు గిన్నెను నిమ్మచెక్కతో తుడిచి వాడండి, ప్లాస్టిక్ గిన్నె వద్దు.

దీనిలో నాకు నచ్చనిది పచ్చి సొన. సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం ఉంది. పసిపిల్లలు, గర్భిణులు, పెద్దవయసువారు తినే కుకీల మీద పచ్చి తెల్లసొన వేయడానికి నేను ఒప్పుకోను. వేడి చేసి సురక్షితం చేసిన తెల్లసొన పొడి, చక్కెర వంటివి కలిపిన మెరింగ్ పౌడర్ దొరుకుతుంది. ఒకటిన్నర పెద్ద చెంచాల పొడి, 225 గ్రాముల ఐసింగ్ షుగర్, రెండున్నర నుంచి మూడు పెద్ద చెంచాల గోరువెచ్చని నీళ్లు. ఖరీదు ఎక్కువే. మా ఊళ్లో దొరకదు, బరంపురం వెళ్లినప్పుడు కేకు సామాను అమ్మే దుకాణంలో తెచ్చుకుంటాను, లేదా ఆన్‌లైన్‌లో తెప్పిస్తాను. ఒక డబ్బా నాకు ఏడాది వస్తుంది కనుక ఆ ఖర్చు దండగ అనిపించలేదు.

గుడ్డు ముట్టని ఇంటికి మూడో దారి ఉంది, ఇది చాలామందికి తెలియదు. కాబూలీ శనగలు ఉప్పు వేయకుండా ఉడికించి, ఆ నీటిని తెల్లసొనంత చిక్కబడేదాకా మరిగించి చల్లార్చండి. రెండు పెద్ద చెంచాల నీరు ఒక తెల్లసొనకు సమానం. గిలక్కొడితే తెల్లగా నురగ కడుతుంది. శనగ వాసన కొద్దిగా ఉంటుంది, వెనిల్లాతో పోతుంది. ఆరడం మాత్రం సొన ఐసింగ్ కన్నా నెమ్మది, కాబట్టి కార్తికం వచ్చాకే ఇది నమ్మకమైనది. కార్తిక మాసంలో మా పక్కింటి ఒడియా మావుసీ చేపా గుడ్డూ ముట్టదు. కార్తిక పూర్ణిమ తెల్లవారుజామున చెరువులో పడవలు వదిలి వచ్చేసరికి ఆమెకు ఈ శనగనీటి ఐసింగ్‌తో పడవ కుకీలు ఇస్తాను. ‘గుడ్డు లేదు కదమ్మా?’ అని ప్రతి ఏడాదీ ఒకసారి అడిగి, తృప్తిగా తీసుకుంటుంది.

గ్లేజ్ ఐసింగ్ ఇంతకంటే తేలిక. 120 గ్రాముల ఐసింగ్ షుగర్‌లో రెండు మూడు చెంచాల పాలు, రెండు చెంచాల లిక్విడ్ గ్లూకోజ్ కలిపితే చాలు, బీటర్ అక్కర్లేదు. మెరుపు బాగుంటుంది, పళ్లకు మెత్తగా తగులుతుంది. తినడానికి రాయల్ కన్నా ఇదే రుచి అని నా అభిప్రాయం. కానీ సన్న గీతలు నిలవవు, మొత్తం ఒకటే రంగుతో పరచడానికి సరిపోతుంది. గ్లూకోజ్ తేమను పట్టి ఉంచుతుంది కనుక వానాకాలంలో ఇది ఎన్నటికీ ఆరదు. చిన్నపిల్లలతో శీతాకాలపు సెలవుల్లో కూర్చుని చేసుకోవడానికి మాత్రం దీన్నే ఎంచుకోండి. చెంచాతో పోసి, పైన రంగు చక్కెర చల్లితే పిల్లల పని పూర్తవుతుంది.

వెన్నతో చేసే బటర్‌క్రీమ్ గురించి ఎక్కువ చెప్పను. వెన్న 32 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరిగిపోయే పదార్థం. మా ఊళ్లో మార్చి నుంచి అక్టోబరు వరకు చాలా మధ్యాహ్నాలు ఆ వేడికి దగ్గరివో, దాటినవో. ఫ్రిజ్‌లోంచి తీసి అప్పటికప్పుడు తినేస్తామంటే వేయండి, పంచిపెట్టాలంటే వద్దు.

ఫాండెంట్ మాత్రం ఆలోచించదగ్గది. చక్కెర ముద్దను చపాతీలా ఒత్తి, కుకీ కోసిన అచ్చుతోనే కోసి, పల్చని జామ్ పూసి అంటించడమే. ఆరేదాకా ఎదురుచూసే పని లేదు, రంగు ముందే ముద్దలో కలిసిపోయి ఉంటుంది కనుక ఒకదానిలోంచి ఇంకోదానిలోకి పాకడం తక్కువ. తేమకు పైన బంకబంకగా అవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే చెమట పట్టి పాడైపోతుంది, అందుచేత ఫ్రిజ్ జోలికి వెళ్లకుండా గాలి చొరని డబ్బాలో పెట్టండి. తీపి మరీ ఎక్కువ. నేను ఒత్తేటప్పుడు రెండు మిల్లీమీటర్లు మించనివ్వను, కుకీలో చక్కెర కూడా కొంచెం తగ్గిస్తాను.

ఇక వానాకాలానికి నా అసలు జవాబు ఐసింగే వేయకపోవడం. అలంకరణ అంతా ఓవెన్‌లోకి వెళ్లకముందే ముగించాలి. పిండి ముద్దను నాలుగు భాగాలు చేసి, ఒక్కోదానిలో జెల్ రంగు పిసికి కలపండి. ఎరుపు ముద్ద, పసుపు ముద్ద విడివిడిగా ఒత్తి, పట్టీలుగా కోసి, పక్కపక్కన పేర్చి, పైన ఒకసారి అప్పడాల కర్రతో మెల్లగా దొర్లిస్తే అతుక్కుంటాయి. రంగు పాకడానికి నీరు కావాలి. కాలిన కుకీలో కదిలే నీరు దాదాపు ఉండదు, వెన్న చుట్టుకుని ఉంటుంది. అందుకే ఆ రంగులు ఎక్కడివక్కడే ఉంటాయి. రంగు పిండి మాడితే మట్టిరంగుకు తిరుగుతుంది కాబట్టి వేడి 160 డిగ్రీలకు తగ్గించి, రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఉంచండి. మరుసటి ఏడాది రథయాత్రకు ఇలాగే చేశాను. ఆ రోజు కూడా వానే. మూడు రథాలు మూడుగానే ఉన్నాయి.

దేవుని ముఖం కుకీ మీద వేయను. చాలా ముచ్చటగా వేసేవాళ్లున్నారని తెలుసు, కానీ ఆ గుండ్రని కళ్లను పళ్లతో కొరకమని పిల్లలకు ఇవ్వడానికి నాకు మనసొప్పదు. రథం, జెండా, చక్రం చాలు.

గుడ్డు తినేవాళ్లకైతే ఇంకో తేలిక దారి. పచ్చసొనలో రెండు చుక్కల నీళ్లు, జెల్ రంగు కలిపి, కొత్త కుంచెతో పచ్చి కుకీల మీదే బొమ్మ గీయండి. ఓవెన్‌లో సొన ఉడికిపోతుంది కనుక భయం లేదు, గాజు పూసినట్టు మెరుస్తుంది. కుకీ నడుమ కిటికీ కోసి, దాన్లో నలగ్గొట్టిన పండ్ల చాక్లెట్ ముక్కలు కరిగించే పద్ధతి కూడా చూసి ఉంటారు. అందమైనదే, కానీ ఆ గాజు కిటికీ మన వానల్లో గంటలో జిగురవుతుంది. డిసెంబరుకు దాచుకోండి.

పిండిలో వెన్నా, నెయ్యా, డాల్డానా?

నా కొలత ఇది: 200 గ్రాముల వెన్న, 180 గ్రాముల పొడి చక్కెర, ఒక గుడ్డు, చెంచా వెనిల్లా, 375 గ్రాముల మైదా. అచ్చుతో కోసే కుకీకి బేకింగ్ పౌడర్ వేయను, వేస్తే ఉబ్బి నక్షత్రం మొనలు మొద్దుబారిపోతాయి. అరచేతి వెడల్పు కన్నా చిన్నవి 30 దాకా వస్తాయి. వెన్న, చక్కెర కలిసి పాలిపోయే వరకే కలపండి. కేకుకు గిలక్కొట్టినట్టు కొడితే గాలి చేరి ఓవెన్‌లో పరుచుకుపోతుంది.

దుకాణంలో దొరికే 100 గ్రాముల ఉప్పు వెన్న రెండు ప్యాకెట్లు వాడితే వేరే ఉప్పు వేయకండి. ఉప్పులేని వెన్నైతే అర చెంచా. వెన్నలో 80 శాతం కొవ్వు, మిగతా చాలావరకు నీరు. ఆ నీరే మైదాను కాస్త పట్టి ఉంచి, ఒత్తేటప్పుడు పగలకుండా చేస్తుంది. నేతిలో నీరు లేదు. అందుకే నేతి పిండి నోట్లో ఇసుకలా కరుగుతుంది, అచ్చుతో ఎత్తితే విరుగుతుంది. నేతి రుచి కావాలంటే దాన్ని నాన్‌ఖటాయిలా చేత్తో గుండ్రంగా చేసుకుంటేనే న్యాయం. అయినా అచ్చు కుకీలే నేతితో కావాలంటే 160 గ్రాముల పేరిన నెయ్యి తీసుకుని, రెండు మూడు పెద్ద చెంచాల చల్లని పాలు కలపండి. ఎండాకాలంలో కరిగి ఉన్న నేతితో మాత్రం ప్రయత్నించకండి.

డాల్డా గురించి నిజాయితీగా చెప్పాలి. ఆకారం నిలవడంలో అదే గెలుస్తుంది, ఎందుకంటే వెన్న కన్నా ఎక్కువ వేడికి గాని కరగదు. 2022 నుంచి మన దేశంలో ఇలాంటి కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదన్న నియమం కూడా ఉంది. అయినా రుచి ఉండదు, అంగిట్లో మైనంలా పూత పడుతుంది. నడివేసవిలో తప్పనిసరైతే పావు వంతు డాల్డా, ముప్పావు వంతు వెన్న కలిపి చూడండి. ధర్మాబాద్‌లో మా చెల్లెలు ఏప్రిల్, మే నెలల్లో అలాగే చేస్తుంది. నేను మాత్రం వేసవిలో తెల్లవారుజామున ఐదింటికే పిండి కలిపేసి, ఒత్తిన రేకులను ఫ్రిజ్‌లో అరగంట ఉంచి కోస్తాను. కోసిన తరువాత మరో పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, చల్లగా ఉండగానే వేడి ఓవెన్‌లోకి పంపుతాను. కొవ్వు కరిగేలోపు అంచు గట్టిపడుతుంది, ఆకారం చెదరదు. వెన్న మార్చడం కన్నా ఈ చల్లబరచడమే ఎక్కువ మేలు చేస్తుంది.

గుడ్డు వద్దనుకుంటే దాని బదులు మూడు పెద్ద చెంచాల పాలు చాలు, ముద్ద కలవకపోతే ఇంకొక చెంచా. రంగు కాస్త తక్కువ వస్తుంది, అంచులు పొడిపొడిగా ఉంటాయి, అందువల్ల మామూలు కన్నా ఒక మిల్లీమీటరు ఎక్కువ మందంగా ఒత్తండి. రుచిలో తేడా మా ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు. నలుగురికీ పంచే కుకీలైతే గుడ్డు లేకుండా చేయడమే నయం. ఎవరింట ఏ వ్రతం ఉందో, ఏ ఏకాదశి నడుస్తోందో మనకు తెలియదు.

మందం గురించి ఒక చిట్కా. పిండికి రెండు పక్కలా రెండు పెన్సిళ్లు పెట్టి, వాటి మీద అప్పడాల కర్ర దొర్లించండి. పెన్సిల్ మందం ఏడు మిల్లీమీటర్ల వరకు ఉంటుంది, పిండి అంతటా అంతే మందంగా వస్తుంది. సమానంగా ఒత్తిన కుకీలే సమానంగా కాలుతాయి.

ఓవెన్ సంగతి

ఓటీజీ (కరెంటు హీటర్లతో కాల్చే చిన్న ఓవెన్) కొనాలా, కన్వెక్షన్ మైక్రోవేవ్ కొనాలా అన్న ప్రశ్నకు కుకీల వరకైతే నా ఓటు ఓటీజీకే. పళ్లెం చదరంగా ఉంటుంది, ఒకేసారి పన్నెండు పదిహేను పడతాయి. మైక్రోవేవ్‌లో తిరిగే గుండ్రని పళ్లెం మీద ఆరో, ఎనిమిదో. అందులో ఫ్యాను గాలి తిరుగుతుంది కనుక వేడి 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించాలి. కన్వెక్షన్ మోడ్‌లోనే ఇనుప పళ్లెం పెట్టాలి, మైక్రోవేవ్ మోడ్‌లో ఎన్నడూ పెట్టకూడదు. ఇంట్లో ఇప్పటికే మైక్రోవేవ్ ఉంటే దానితోనే సర్దుకోండి, కుకీల కోసం ఇంకోటి కొనవలసిన పని లేదు.

ఓటీజీలో 175 డిగ్రీలకు పది నుంచి పన్నెండు నిమిషాలు. అంచులు లేత బంగారు రంగుకు తిరగగానే తీసేయాలి, నడుమ మెత్తగా ఉన్నట్టే అనిపిస్తుంది, చల్లారాక గట్టిపడుతుంది. కానీ ఇందులో కరెంటు మాట ఒకటి ఉంది. వోల్టేజీ 230 ఉండవలసిన చోట 180కి పడిపోతే హీటరు ఇచ్చే వేడి దాదాపు 60 శాతానికి దిగిపోతుంది, వోల్టేజీ తగ్గిన దానికన్నా వేడి ఎక్కువ తగ్గుతుంది. వేసవి సాయంత్రాల్లో కుకీలు ఎర్రబడక, ఎండిపోయి రాయిలా వస్తున్నాయంటే తప్పు మీ పిండిది కాకపోవచ్చు. ఓవెన్‌లో పెట్టే చిన్న థర్మామీటరు కొనుక్కోండి, గుండీ మీద రాసిన అంకెను నమ్మకండి. నేను కుకీలన్నీ ఉదయం పూటే కాలుస్తాను.

ఓవెన్ లేనివాళ్లు వెనకాడనక్కర్లేదు. మందమైన పాత అల్యూమినియం దాకలో రెండు గుప్పెళ్ల ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు వేడి చేసి, కుకీల పళ్లెం దించి సన్నని మంట మీద పదిహేను, ఇరవై నిమిషాలు. అడుగు త్వరగా ఎర్రబడుతుంది, పైభాగం తెల్లగా ఉంటుంది. పైన ఐసింగో, ఫాండెంటో వేసేవాటికి అదేమీ లోటు కాదు. రంగు పిండి కుకీలకైతే ఇదే మేలేమో అని కూడా అనిపించింది, పైన రంగు మాడదు. ప్రెషర్ కుక్కర్‌ను ఇలా నీళ్లు లేకుండా వేడి చేయడం నాకు ఇష్టం లేదు, అడుగు వంగిపోతుంది. బట్టీ ఉన్న బేకరీతో పరిచయం ఉంటే, పెద్ద సంఖ్యలో చేసేటప్పుడు పళ్లేలు అక్కడికి మోసుకెళ్లడం కూడా ఆలోచించవచ్చు. అయితే వాళ్ల బట్టీ వేడి రొట్టెలకు తగ్గట్టు ఉంటుంది, కాస్త చల్లారిన వేళ అడగాలి.

అడుగున పరిచే కాగితం విషయంలో జాగ్రత్త. మన దుకాణాల్లో బటర్ పేపర్ పేరుతో అమ్మేదంతా ఓవెన్‌కు పనికిరాదు. పల్చని రకం మాడి పొగవస్తుంది, కుకీ అడుగుకు అంటుకుపోతుంది. బేకింగ్ పేపర్ అని, ఎంత వేడి తట్టుకుంటుందో ప్యాకెట్ మీద రాసి ఉన్నదే తీసుకోండి. అది లేకపోతే పళ్లేనికి నెయ్యి రాసి మైదా చల్లినా చాలు.

రంగులు, కోన్లు

నీళ్ల రంగు, జెల్, పొడి మూడింటిలో జెల్ కొనండి. నీళ్ల రంగు ముదురుగా రావాలంటే అర సీసా పోయాలి, ఐసింగ్ పల్చబడి ఆరదు. ఎరుపు, నలుపు తెల్ల ఐసింగ్‌లోంచి నేరుగా తేవాలని చూస్తే చేదు వచ్చేంత రంగు పడుతుంది. గులాబీ దగ్గర ఆపి రాత్రంతా మూతపెట్టి ఉంచితే తెల్లవారేసరికి ముదురుతుంది. నలుపుకు ముందు కోకో కలిపి గోధుమరంగు చేసుకుని, దాని మీద నలుపు చేర్చండి. ఆహారపు రంగు అని, ఆహార భద్రత లైసెన్సు నంబరుతో ఉన్న సీసానే తీసుకోండి. సంతలో పొట్లాలుగా కట్టి ఇచ్చే రంగులు దయచేసి వాడకండి, పిల్లలు తినేవి ఇవి.

వంటింటి రంగులు కూడా పరీక్షించాను. పసుపు చిటికెడైతే ఐసింగ్‌లో ముచ్చటైన రంగు ఇస్తుంది. వంట సోడా వేసిన పిండిలో కలిపితే ఎర్రబారుతుంది, కుంకుమ తయారయ్యేది ఆ గుణం వల్లే. బీట్‌రూట్ రసం నిమ్మరసం ఉన్న ఐసింగ్‌లో గులాబీగా నిలుస్తుంది, ఓవెన్ వేడికి మాత్రం మట్టిరంగవుతుంది. అంటే బీట్‌రూట్ పైపూతకు సరే, పిండికి వద్దు.

పైపింగ్ బ్యాగు, నాజిళ్ల సెట్టు కొనే ముందు మీ ఇంట్లో గోరింటాకు కోన్ చుట్టడం వచ్చిన ఆడపిల్ల ఉందేమో చూడండి. సన్నని గీతకు ఆ కోన్ కన్నా మంచి సాధనం లేదు. కొత్త బేకింగ్ కాగితంతోనో, ఆహారానికి వాడే ప్లాస్టిక్ షీటుతోనో చుట్టి, టేపు అంటించి, మొన సూది మందంగా కత్తిరించాలి. గోరింటాకుకు వాడిన షీటు మళ్లీ వాడకూడదు. మా అమ్మాయి స్నేహితురాలు ఒకతె పెళ్లిళ్లలో చేతులకు గోరింటాకు పెడుతుంది. ఐసింగ్ ఎన్నడూ ముట్టనిది, మొదటిరోజే నాకన్నా నిలకడగా నెమలి గీసింది. అంచు గీతకు టూత్‌పేస్టులా చిక్కగా, లోపల నింపడానికి చెంచాతో గీసిన గీత పదిహేను అంకెలు లెక్కపెట్టేలోపు కలిసిపోయేంత పల్చగా ఐసింగ్ ఉండాలి. చిక్కదనం కుదిరితే చేయి కుదిరినట్టే.

ఐసింగ్ షుగర్ కొనకపోయినా పరవాలేదు. 100 గ్రాముల చక్కెరకు చెంచా మొక్కజొన్న పిండి వేసి మిక్సీ పట్టి, పల్చని గుడ్డతో జల్లించండి. జల్లెడతో సరిపెట్టుకుంటే ఒక్క రవ్వ చాలు, కోన్ మొన మూసుకుపోతుంది. తెల్ల గీతల ముగ్గు మాత్రమే వేస్తామంటే ఐసింగ్ పని చాలా తగ్గుతుంది, పల్చని గీత కాబట్టి ఉప్పు చెమ్మగిల్లిన రోజున కూడా పూటలో ఆరుతుంది. మైదాలో మూడో వంతు రాగిపిండి కలిపి, చక్కెరలో సగం బెల్లం పొడి వేసి కాల్చిన ముదురు కుకీ మీద ఆ తెల్ల గీత ఎంత బాగుంటుందో! ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి ముగ్గులా ఉంటుంది. నన్ను అడిగితే, మన ప్రాంతంలో మొదటిసారి చేసేవాళ్లు అన్ని రంగులూ కొనే ముందు దీనితోనే మొదలుపెట్టాలి.

ఆరబెట్టేటప్పుడు బల్ల ఫ్యాను పళ్లేల మీదుగా గాలి వెళ్లేలా పెట్టండి. ఏసీ గది ఉంటే తలుపు మూసి అందులో పెట్టడం ఇంకా మంచిది, ఏసీ గాలిలోంచి నీటిని లాగేస్తుంది. కుకీలు కాల్చాక ఆపేసిన ఓటీజీ గోరువెచ్చగా మిగిలినప్పుడు తలుపు ఓరగా తెరిచి ఇరవై నిమిషాలు పెట్టినా పైపొర కడుతుంది. అంతకన్నా వేడిగా ఉంటే వెన్న పైకి ఊరి ఐసింగ్ మీద నూనె మచ్చలు పడతాయి.

పూర్తిగా ఆరాక స్టీలు డబ్బాలో, వరుసకూ వరుసకూ నడుమ కాగితం వేసి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి అడుగున పెట్టండి. పిల్లలు దాన్ని తినే వస్తువు అనుకోకుండా గుడ్డలో చుట్టి డబ్బాకు అంటించాలి. పాతపట్నం, టెక్కలి చుట్టాలకు గుణుపురం రైల్లో పంపేవాటికి రాయల్ ఐసింగో, రంగు పిండో తప్ప వేరేది నేను వేయను. ఐసింగ్ లేని కుకీలు దారిలో మెత్తబడితే 150 డిగ్రీలలో ఐదు నిమిషాలు వేడి చేస్తే మళ్లీ కరకరలాడతాయి. ఐసింగ్ వేసినవి మెత్తబడితే ఓవెన్‌లో పెట్టకండి, అలాగే టీతో తినేయండి.